ఇంటి గుట్టే ఇంటికి చేటు

మత్తు పిల్లల దాకా వచ్చింది. పోలీసులు పట్టుకునేది సరుకునీ, అమ్మేవాణ్నీ. పిల్లాణ్ని పట్టుకుని నిలబెట్టాల్సింది ఇల్లూ, ఇరుగూపొరుగూ. కర్ణాటకలోని రాయచూరు సీమ పల్లెల్లో తల్లిదండ్రులకు ఆసరా ఎక్కడ దొరుకుతుందో చెప్పే కథనం ఇది.

2019 జనవరి. చిత్రదుర్గం నుంచి బెంగళూరు పోయే జాతీయ రహదారి. లారీలు హోరున దూసుకుపోతుంటే రోడ్డు అంచున వేలమంది ఆడవాళ్లు నడుస్తున్నారు. హిరియూరు, సిరా, తుమకూరు దాటుకుంటూ దాదాపు రెండు వందల కిలోమీటర్లు. 19న బయల్దేరినవాళ్లు గాంధీ వర్ధంతి నాటికి బెంగళూరు చేరాలి. వీళ్లలో ఎక్కువమంది వ్యవసాయ కూలీలు. పనికి పోని రోజు కూలి రాదు. అయినా పన్నెండు రోజుల కూలి వదులుకున్నారు. పాదాలు బొబ్బలెక్కినా ఆగలేదు. దారిలో జరిగిన రోడ్డు ప్రమాదంలో రాయచూరు జిల్లా మహిళ ఒకరు ప్రాణం పోగొట్టుకున్నారు. మిగిలినవాళ్లు వెనుదిరగలేదు. వాళ్లు అడిగింది ఒక్కటే: మా ఊళ్లో మద్యం వద్దు.

మద్య నిషేధ ఆందోళన అని దానికి పేరు. ఆ నడకకు వేళ్లు రాయచూరులోనే ఉన్నాయి. అంతకుముందు జిల్లా కేంద్రంలో రెండు నెలలకు పైగా ధర్నా చేసింది ఈ ఆడవాళ్లే. పోత్నాళ్ కేంద్రంగా 1999 నుంచి దళిత మహిళల మధ్య పనిచేస్తున్న జాగృత మహిళా సంఘటన, గ్రామీణ కూలికార్మికుల సంఘటన లాంటి సంఘాలు వాళ్లను కూడగట్టాయి. ప్రభుత్వం నిషేధం ఇవ్వలేదు. ఎక్సైజు మీద ఏటా వచ్చే వేల కోట్ల ఆదాయం వాళ్ల మాట కంటే గట్టిగా వినిపించింది.

ఆ రోజు ఆ ఆడవాళ్ల దిగులు ఎక్కువగా మొగుళ్ల తాగుడు గురించి. ఇప్పుడు దిగులు కొడుకుల మీదికి, మనవల మీదికి మళ్లింది. సీసా ఒక్కటే కాదు, కల్లులో కలిపే పొడి, చాక్లెట్టు కాగితంలో చుట్టిన గంజాయి, మందుల దుకాణంలో దొరికే మాత్ర, పంక్చరు అతికించే సొల్యూషన్. ఆంధ్రప్రదేశ్‌లో 'డ్రగ్స్ వద్దు బ్రో' అంటూ ప్రచారం నడుస్తోంది. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు, పదుల మంది ఆసుపత్రుల పాలయ్యారు. అప్పటి నుంచి ఏ ఇంట్లో నలుగురు కూర్చున్నా ఈ మాట రాక మానడం లేదు.

మాట వస్తోంది గానీ ఒక ప్రశ్న మిగిలిపోతోంది. నగరంలో అయితే మానసిక వైద్యులున్నారు, కౌన్సెలింగు కేంద్రాలున్నాయి. రాయచూరు జిల్లా కల్లూరు లాంటి ఊళ్లో ఒక తల్లికి కొడుకు మీద అనుమానం వస్తే ఆమె ఎవరి గడప తొక్కాలి?

సరిహద్దు పల్లె

రాయచూరు నుంచి లింగసూగూరు వెళ్లే దారిలో వస్తుంది కల్లూరు. ఒకప్పుడు మాన్వి తాలూకాలో ఉండేది, ఇప్పుడు సిరవార తాలూకా. మహాలక్ష్మి గుడి వల్ల చుట్టుపక్కల జిల్లాల వాళ్లకూ ఊరి పేరు తెలుసు. కృష్ణ, తుంగభద్రల నడుమ ఉన్న ఈ సీమ 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో భాగం. రాష్ట్రాల గీతలు మారినా రాకపోకలు మారలేదు. తుంగభద్ర ఎడమ కాలువ కింద సింధనూరు, మాన్వి వైపు గోదావరి, కృష్ణా జిల్లాల నుంచి వచ్చి స్థిరపడిన రైతుల 'క్యాంపులు' ఉన్నాయి. కన్నడం, తెలుగు, ఉర్దూ ఒకే టీకొట్టు దగ్గర వినిపిస్తాయి. అటు నారాయణపేట, గద్వాల జిల్లాలతో పెళ్లి సంబంధాలు, సంతలు, కూలి పనులు.

రాకపోకలున్న చోట సరుకూ వస్తుంది. కర్ణాటకలో కల్లు గీత తీర జిల్లాలకే పరిమితం. తెలంగాణలో గీత సహకార సంఘాలకు అనుమతి ఉంది. ఈ తేడాయే సరిహద్దులో వ్యాపారం అయింది. ప్లాస్టిక్ డబ్బాల్లో, సంచుల్లో సేంది (కల్లు) దాటించడం, సీహెచ్ పౌడరుతో మనుషులు దొరకడం రాయచూరు పత్రికల్లో తరచుగా కనిపించే వార్తలు. సీహెచ్ అంటే క్లోరల్ హైడ్రేటు, కల్లులో మత్తు కోసం కలిపే పొడి.

ఇంకో సంగతి చెప్పకపోతే ఈ సీమ కథ పూర్తి కాదు. ఇక్కడి పల్లెల నుంచి బెంగళూరు, పుణె, ముంబయి వైపు వలసలు ఎక్కువ. అమ్మానాన్నలు కట్టడం పనికి పోతే పిల్లలు అవ్వతాతల దగ్గర ఉంటారు. ఎదిగే వయసు పిల్లాణ్ని అదుపులో పెట్టే శక్తి ఆ ముసలివాళ్లకు ఉండదు. విత్తనపత్తి చేలల్లో, మిర్చి కోతల్లో పిల్లలే కూలికి పోవడం కూడా ఈ సరిహద్దు జిల్లాల్లో పాత గాయమే. చేతిలో సొంత కూలి డబ్బు, ఇంట్లో అడిగే పెద్దదిక్కు లేకపోవడం. ఈ రెండూ కలిసిన చోట అమ్మేవాడికి దారి సులువు.

ఒళ్లు నొప్పులకు మందు అనుకుని

కల్లు మన పల్లెలకు కొత్త కాదు. పండక్కి, పెళ్లికి, చావుకి కల్లు ఉండేది. ఎండన పడి వచ్చిన మనిషి ఒక ముంత తాగి పడుకునేవాడు. పిల్లలకు కూడా కాస్త పోస్తే చలవ చేస్తుందనే నమ్మకం చాలా ఇళ్లలో ఉంది. అసలు చెట్టు కల్లు సంగతి వేరు. అది పొద్దున దించితే సాయంత్రానికి పులిసిపోతుంది, నిల్వ ఉండదు, ఎక్కువ దూరం పోదు. ఊళ్లో ఉన్న చెట్లెన్ని, అమ్ముడయ్యే కల్లు ఎంత అని లెక్క వేస్తే దుకాణాల్లో దొరికేదంతా చెట్టు నుంచి రాలేదని తేలిపోతుంది. నీళ్లు, శాకరిన్, నురగ రావడానికి ఏదో ఒకటి, మత్తు కోసం క్లోరల్ హైడ్రేటో డయాజిపామో అల్ప్రాజోలామో. కూకట్‌పల్లి ఘటనలో బయటపడింది అల్ప్రాజోలామే.

పాతకాలపు అలవాటు ముసుగులో కొత్త మందు ఇంట్లోకి వచ్చింది. తాత తాగినదే మనవడూ తాగుతున్నాడని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. తాత తాగింది కల్లు. మనవడు తాగుతున్నది నిద్రమాత్రల నీళ్లు. సిగరెట్టు వాసన వస్తే చెంప పగలగొట్టే తండ్రే సేంది సంగతి వచ్చేసరికి నవ్వి ఊరుకుంటాడు. ఈ సీమలో పిల్లల వ్యసనం గురించి మాట్లాడేవాళ్లు గంజాయి దగ్గర మొదలుపెడతారు. నా మట్టుకు నేను సేంది దగ్గరే మొదలుపెట్టాలంటాను, ఎందుకంటే దానికి ఇంట్లోనే అనుమతి ఉంది.

ఈ మత్తును ఒక్కసారిగా మానేస్తే ప్రమాదం. 2015 సెప్టెంబరులో తెలంగాణలో కల్తీ కల్లు మీద దాడులు పెరిగి సరఫరా ఆగిపోయినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల ఆసుపత్రులకు జనం పోటెత్తారు. చేతులు వణకడం, ఫిట్స్, పిచ్చిగా కేకలు వేయడం, లేనివి కనిపించడం. హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం కిక్కిరిసిపోయింది. దుకాణం మూయడం తప్పు కాదు. మూసేముందు వైద్యుణ్ని సిద్ధంగా ఉంచకపోవడం తప్పు. రేపు కల్లూరు పక్క ఊళ్లో ఆడవాళ్లు కల్లు దుకాణం మూయించినా ఈ జాగ్రత్త మరవకూడదు.

> సీహెచ్ పౌడరు పుట్టుక
>
> క్లోరల్ హైడ్రేటును మొదట తయారుచేసింది జర్మన్ రసాయన శాస్త్రవేత్త జస్టస్ ఫాన్ లీబిగ్, 1832లో. నిద్ర పట్టించే మందుగా 1869 నుంచి వాడుకలోకి వచ్చింది. ప్రయోగశాలలో తయారైన తొలి నిద్రమందుల్లో ఇదొకటి. మోతాదుకీ ప్రమాదానికీ మధ్య దూరం తక్కువ. మద్యంతో కలిస్తే మత్తు రెట్టింపై శ్వాస మందగించవచ్చు. అలవాటు పడ్డ మనిషి వైద్యుడి పర్యవేక్షణ లేకుండా ఒక్కరోజులో మానేయకూడదు.

చాక్లెట్టు కాగితంలో

2024 జనవరిలో హైదరాబాద్ దగ్గరి కొత్తూరులో ప్రభుత్వ పాఠశాల పిల్లలు కొందరు తరగతిలో వింతగా ప్రవర్తిస్తుంటే ఉపాధ్యాయులకు అనుమానం వచ్చింది. ఆరా తీస్తే బడి దగ్గరి పాన్‌డబ్బాలో కొన్న చాక్లెట్లు తింటున్నారని తేలింది. వాటిలో గంజాయి ఉంది. మొదట ఊరికే ఇచ్చి, రుచి మరిగాక డబ్బులు తీసుకోవడం అమ్మేవాళ్ల పద్ధతి. పోలీసులు వచ్చి పట్టుకున్నారు, కేసు పెట్టారు. అది చేయాల్సిన పనే. కానీ మొదట గమనించింది ఎవరు? రోజూ ఆ పిల్లల ముఖాలు చూసే పంతుళ్లు.

చాక్లెట్టుకి వాసన రాదు, కళ్లు మండే పొగ రాదు. ఒక్కటే దారి: పిల్లాడి తీరు మారిందని కనిపెట్టగలిగే మనిషి దగ్గర ఉండటం. ఆ మనిషి తల్లి కావచ్చు, టీచరు కావచ్చు, పక్కింటి అక్క కావచ్చు.

> దేశం లెక్క
>
> ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ మాదకద్రవ్య చికిత్సా కేంద్రం చేసిన దేశవ్యాప్త సర్వే 2019లో వచ్చింది. 10 నుంచి 75 ఏళ్ల వాళ్లలో సుమారు 16 కోట్ల మంది మద్యం, 3.1 కోట్ల మంది గంజాయి, భంగు లాంటివి వాడుతున్నట్టు అంచనా. సొల్యూషన్, వైట్‌నర్ లాంటివి పీల్చే అలవాటు మాత్రం పెద్దల్లో కంటే పిల్లల్లోనే ఎక్కువ: 10 నుంచి 17 ఏళ్ల వాళ్లలో 1.7 శాతం, పెద్దల్లో 0.58 శాతం. మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. మాదకద్రవ్యాల విషయంలో ప్రతి 20 మందిలో ఒక్కరికి.

పరువు అనే తాళం

ఆ 38 మందిలో మిగిలిన 37 మంది ఎక్కడున్నారు? ఇళ్లలో ఉన్నారు. తలుపులు వేసుకుని ఉన్నారు.

చాలా ఇళ్లలో కథ ఒకేలా నడుస్తుంది. జేబులోంచి యాభై పోతుంది. తల్లి లెక్క తప్పానేమో అనుకుంటుంది. తర్వాత బియ్యం డబ్బాలో దాచిన ఐదు వందలు పోతాయి. ఈసారి ఆమెకు తెలుసు, కానీ మొగుడికి చెప్పదు. చెబితే కొడుకుని చావబాదుతాడు, పైగా 'నీ పెంపకమే ఇది' అని ఆమెనే తిడతాడు. తండ్రికి బయట ఎవరో చెవిన వేస్తారు. ఆయనా ఇంట్లో చెప్పడు. ఊళ్లో తెలిస్తే కూతురి సంబంధం తప్పిపోతుందని భయం. అవ్వకు అందరికంటే ముందే తెలుసు, మనవడి మీద జాలితో ఆమె నోరు కట్టుకుంటుంది. ఒకే ఇంట్లో ముగ్గురికి విడివిడిగా తెలిసిన రహస్యం అది. ముగ్గురూ కలిసి మాట్లాడుకునేలోపు ఏడాది గడిచిపోతుంది.

తెలిసిన రోజు ఏం జరుగుతుంది? కొట్టడం, గదిలో పెట్టి తాళం వేయడం, దేవుడి మీద ఒట్టు పెట్టించుకోవడం, 'పెళ్లి చేస్తే బాగుపడతాడు' అనుకోవడం. చివరి దానివల్ల ఇంకో ఇంటి ఆడపిల్ల జీవితం కూడా దీంట్లో పడుతుంది. ఈ మాట ఎంత గట్టిగా చెప్పినా తక్కువే: వ్యసనానికి పెళ్లి మందు కాదు.

'ఇంటి గుట్టు లంకకు చేటు' అని మనకో సామెత ఉంది. గుట్టు బయట పెడితే కొంప మునుగుతుందని అర్థం. మత్తు విషయంలో జరిగేది దానికి సరిగ్గా ఎదురు. గుట్టు ఎంతకాలం దాగితే అమ్మేవాడికి అంత లాభం. ఒకే వీధిలో నాలుగు ఇళ్ల పిల్లలు ఒకే చోట కూర్చుని పీలుస్తుంటారు. నాలుగు ఇళ్ల తల్లులూ బావి దగ్గర కలుస్తారు, వానల గురించి మాట్లాడుకుని వెళ్లిపోతారు.

అందుకే తల్లిదండ్రులకు ఊరు చేయగల మొట్టమొదటి సాయం సిగ్గు తీసేయడం. 'అక్కా, మీవాడూ మావాడూ కలిసే తిరుగుతున్నారు. మావాడి తీరు నాకు బాగోలేదు, మీవాడు ఎట్లా ఉన్నాడు?' అని ఒక తల్లి ఇంకో తల్లిని అడగగలిగితే సగం బరువు దిగుతుంది. అడగడానికి ఒక చోటు కావాలి, ఒక సందర్భం కావాలి. దాన్ని కల్పించడమే సంఘాల పని.

దూబగుంట పాఠం

తెలుగు నేల మీద ఈ పని ఒకసారి జరిగింది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడుస్తున్నప్పుడు రాత్రిబడులు పెట్టారు. పగలంతా కూలి చేసి వచ్చిన ఆడవాళ్లు లాంతరు వెలుగులో అక్షరాలు దిద్దారు. అక్షరాలతోపాటు ఇళ్ల కష్టాలు కూడా అక్కడ బయటపడ్డాయి. దూబగుంటలో వర్ధినేని రోశమ్మ, ఆమె తోటి ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. ఆ కథ చదువుకునే పుస్తకంలో పాఠమై మిగతా ఊళ్లకు చేరింది. ఊరి తర్వాత ఊరు లేచింది. 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో సంపూర్ణ నిషేధం సడలిపోయింది.

నిషేధం నిలవలేదు కాబట్టి ఉద్యమం ఓడిందని కొందరు అంటారు. ఆ లెక్క నాకు ఒప్పుదల కాదు. రాత్రిబడికి రాకముందు 'నా మొగుడు తాగి కొడుతున్నాడు' అన్నది ఒక్కో ఆడదాని తలరాత. వచ్చాక అది ఊరి సమస్య అయింది. దుకాణం మళ్లీ తెరుచుకుంది గానీ, ఆ ఆడవాళ్లు మళ్లీ మూగవాళ్లు కాలేదు. పొదుపు సంఘాల ఉద్యమానికి నెల్లూరులో గట్టి పునాది పడింది ఆ రోజుల్లోనే.

కల్లూరు తల్లి తట్టగల తలుపులు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ఆమె ఎవరి గడప తొక్కాలి?

తలుపులు లేవని కాదు. అవి ఎందుకున్నాయో చెప్పేవాళ్లు తక్కువ. కర్ణాటక ప్రభుత్వ బడుల్లో ఎస్‌డీఎంసీ ఉంటుంది, పాఠశాల అభివృద్ధి, పర్యవేక్షణ సమితి. అందులో ఎక్కువమంది తల్లిదండ్రులే. మధ్యాహ్న భోజనం, గోడల సున్నం, మరుగుదొడ్డి నీళ్ల గురించి మాట్లాడే ఆ సమావేశంలోనే బడి చుట్టూ ఏ డబ్బాలో ఏం అమ్ముతున్నారో కూడా మాట్లాడొచ్చు. వరుసగా నాలుగు రోజులు బడికి రాని పిల్లాడి ఇంటికి ఎవరు వెళ్లాలో నిర్ణయించుకోవచ్చు. ఈ ఒక్క పని చేసినా చాలా ఇళ్లలో ఏడాది ఆలస్యం తప్పుతుంది, ఎందుకంటే మత్తులో పడ్డ పిల్లాడు ముందు మానేసేది బడినే.

రెండోది మక్కళ గ్రామసభ, అంటే పిల్లల గ్రామసభ. గ్రామ పంచాయతీలు ఏటా పిల్లలను కూర్చోబెట్టి వాళ్ల ఫిర్యాదులు వినాలని కర్ణాటక ప్రభుత్వం 2006లో ఉత్తర్వు ఇచ్చింది. దేశంలో చాలా రాష్ట్రాలకు లేని మంచి ఏర్పాటు ఇది. బడి దారిలో తాగుబోతులు ఉన్నారని, దుకాణం తీసేయమని పిల్లలే లేచి అడిగిన సభలు కర్ణాటకలో ఉన్నాయి. పెద్దలు నోరు మెదపని చోట పిల్లలు మాట్లాడతారు. ఆ మాటకు విలువ ఇచ్చి, చెప్పిన పిల్లాడి పేరు బయటకు పొక్కకుండా కాపాడటం పంచాయతీ బాధ్యత.

స్త్రీశక్తి సంఘాలు 2000 నుంచి పల్లెపల్లెకూ వచ్చాయి. వారానికోసారి పదిహేను ఇరవైమంది ఆడవాళ్లు కలిసి కూర్చుంటారు. అప్పు కిస్తీలు రాసుకున్నాక పావుగంట పిల్లల సంగతి మాట్లాడుకోవడానికి ప్రత్యేకంగా డబ్బేమీ అక్కర్లేదు.

ధర్మస్థల గ్రామాభివృద్ధి యోజన తరఫున జనజాగృతి వేదిక నడిపే మద్యవర్జన శిబిరాల సంగతి వేరుగా చెప్పాలి. ఊరివాళ్లే సమితిగా ఏర్పడి, చోటు చూసి, భోజనాలు ఏర్పాటు చేస్తారు. తాగుడు మానాలనుకున్నవాళ్లు వారం పైగా అక్కడే ఉంటారు, ఇంటివాళ్లను కూడా పిలిచి మాట్లాడతారు. ముగిశాక మానేసినవాళ్లంతా నవజీవన సమితిగా కలుస్తుంటారు. తమిళనాట ఇలాంటిదే ఇంకోటి ఉంది. చెన్నైలో 1980లో శాంతి రంగనాథన్ స్థాపించిన టీటీ రంగనాథన్ సంస్థ, పల్లెవాళ్లు నగరానికి రాలేరని గ్రహించి మంజక్కుడి అనే ఊళ్లోనే శిబిరాలు పెట్టింది. ఊరు అన్నం పెట్టింది, వైద్యులు మందు ఇచ్చారు.

ఈ శిబిరాల్లో నాకు నచ్చేది ఊరి చేయి. లోటు కూడా ఉంది. ఇవి చాలావరకు మద్యం మానాలనుకునే పెద్దవాళ్ల కోసం ఏర్పడ్డవి. సీహెచ్ పౌడరుకి అలవాటుపడ్డ పదహారేళ్ల పిల్లాణ్ని నలభై ఏళ్ల తాగుబోతుల మధ్య కూర్చోబెడితే మేలు జరగదు. పిల్లలకు వేరే వైద్యం, వేరే మాట కావాలి.

వైద్యం అంటే దూరం అనుకోనక్కర్లేదు. మానసిక వైద్యాన్ని పల్లె ఆసుపత్రికి తీసుకెళ్లవచ్చని దేశానికి చూపించింది పక్క జిల్లా బళ్లారే. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 1985లో అక్కడ మొదలుపెట్టిన ప్రయోగమే 1996లో జాతీయ స్థాయి జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి నమూనా అయింది. రాయచూరులో ఇప్పుడు ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. అయితే ప్రైవేటు డీఅడిక్షన్ కేంద్రాల విషయంలో జాగ్రత్త. గొలుసులు వేసి, కొట్టి మాన్పిస్తామనే చోట్లు మన రాష్ట్రాలన్నిటా ఉన్నాయి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 ప్రకారం అలాంటి కేంద్రానికి రిజిస్ట్రేషన్ ఉండాలి. మైనర్లను పెద్దవాళ్లతో కలిపి ఉంచకూడదు, వాళ్లతోపాటు ఇంటి మనిషిని ఉండనివ్వాలి. 'మీరు రావద్దు, మూడు నెలలు మాకు వదిలేయండి' అన్న చోట బిడ్డను వదలకండి.

> తల్లిదండ్రులు తెలుసుకోవాల్సిన చట్టం
>
> • పిల్లలకు మద్యం, మత్తుమందు, పొగాకు ఇచ్చినవాళ్లకు బాలల న్యాయ చట్టం 2015, సెక్షన్ 77 కింద ఏడేళ్ల దాకా కఠిన కారాగారం, లక్ష రూపాయల దాకా జరిమానా. పిల్లల చేత అమ్మించినా, మోయించినా సెక్షన్ 78 కింద అంతే శిక్ష.
>
> • విద్యాసంస్థకు వంద గజాల లోపు సిగరెట్లు, పొగాకు ఉత్పత్తులు అమ్మకూడదు.
>
> • మత్తుమందు చట్టం (ఎన్‌డీపీఎస్) 1985, సెక్షన్ 64ఏ: తక్కువ పరిమాణంతో దొరికిన, అలవాటు పడిన వ్యక్తి తానే ముందుకొచ్చి గుర్తింపు ఉన్న చోట చికిత్స తీసుకుంటే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంది. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు.

ఐస్‌లాండ్ తల్లిదండ్రుల రాత్రి గస్తీ

ఊరంతా కలిస్తే ఫలితం ఉంటుందా అన్న అనుమానానికి జవాబు దూరదేశంలో దొరుకుతుంది. నాలుగు లక్షల లోపు జనాభా ఉన్న ఐస్‌లాండ్‌లో 1998లో 15, 16 ఏళ్ల పిల్లల్లో 42 శాతం మంది గడిచిన నెలలో ఒక్కసారైనా తాగి మత్తులో పడ్డవాళ్లే. 2016 నాటికి అది 5 శాతం. ఎప్పుడైనా గంజాయి వాడినవాళ్లు 17 శాతం నుంచి 7కి, రోజూ సిగరెట్టు తాగేవాళ్లు 23 నుంచి 3 శాతానికి దిగారు.

వాళ్లు పిల్లలకు ఉపన్యాసాలు తగ్గించి తల్లిదండ్రులతో పని మొదలుపెట్టారు. ప్రతి బడిలో తల్లిదండ్రుల సంఘం ఉండాలని చట్టం చేశారు. 'మా ఇంట్లో పార్టీ జరిగితే మద్యం ఉండదు, వేరే ఇంటి పిల్లాడు తప్పుదారిలో కనిపిస్తే చెబుతాం' అని తల్లిదండ్రులు ఒకరికొకరు సంతకాలు చేసి మాట ఇచ్చుకున్నారు. వారాంతపు రాత్రుళ్లు పెద్దలే వీధుల్లో జట్టుగా నడిచారు. 13 నుంచి 16 ఏళ్ల పిల్లలు చలికాలంలో రాత్రి పది దాటాక బయట తిరగకూడదని నియమం పెట్టారు. ఆటలకు, సంగీతానికి ప్రభుత్వం డబ్బు ఇచ్చింది. ఏటా పిల్లలను అడిగి, లెక్క చూసి, మళ్లీ సరిదిద్దుకున్నారు.

ఐస్‌లాండ్‌లో ఉన్న డబ్బు రాయచూరులో లేదు. అయినా సంతకాల మాటకు, రాత్రి నడకకు డబ్బు అక్కర్లేదు. ఆటస్థలం మాత్రం కావాలి. కబడ్డీ, వాలీబాల్ ఆడటానికి చదును చేసిన జాగా, సాయంత్రం ఏడు దాకా వెలుగు. పంచాయతీని అడగాల్సిన పనుల్లో ఇది కాలువ మరమ్మతు కంటే తక్కువ కాదు.

మన దగ్గర ఇంకా జూన్ 26 ర్యాలీల దగ్గరే ఆగిపోయాం. ప్లకార్డులు, ప్రతిజ్ఞ, ఫొటో. ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల కార్యాలయం 2013లో తొలిసారి, 2018లో మార్పులతో విడుదల చేసిన నివారణ ప్రమాణాలు ఈ విషయంలో స్పష్టంగా ఉన్నాయి. భయపెట్టే ఉపన్యాసాలు, ఒక్కరోజు అవగాహన సభలు, మానేసినవాళ్ల అనుభవాలు చెప్పించడం మాత్రమే అయితే ఫలితం కనిపించలేదు. తల్లిదండ్రులకు పిల్లలతో మెలిగే నైపుణ్యం నేర్పే కార్యక్రమాలకు మంచి ఫలితం ఉంది. ర్యాలీకి పెట్టే టోపీల డబ్బుతో ఊళ్లో తల్లిదండ్రులకు నాలుగు సాయంత్రాలు శిక్షణ పెట్టించవచ్చు.

ఇంట్లో మాట కలిపే తీరు

ఆ శిక్షణలో నేర్పేది పెద్ద విద్య కాదు. పిల్లాడు మత్తులో ఉన్నప్పుడు గొడవ పెట్టుకోకూడదు, తెల్లారాక మాట్లాడాలి. 'తాగొచ్చావా వెధవా' అని మొదలుపెడితే వచ్చే జవాబు అబద్ధమే. 'రెండు నెలలుగా అన్నం సరిగ్గా తినడం లేదు, బడికి పోవడం లేదు, నాకు భయంగా ఉంది నాన్నా' అని చూసింది చూసినట్టు చెబితే, వాడు ఆ రోజు కాకపోయినా వారానికైనా నోరు విప్పుతాడు. అమ్మ ఒక మాట, నాన్న ఒక మాట అనకూడదు. అవ్వ చాటుగా డబ్బు ఇవ్వకూడదు. వాడు చేసిన అప్పు ఇల్లు తీర్చకూడదు, కానీ అన్నం ఎప్పుడూ ఆపకూడదు. వలసపోయిన తండ్రి వారానికోసారి ఫోనులో మార్కులు అడిగి పెట్టేయకుండా వాడి స్నేహితుల పేర్లు అడిగి మాట్లాడాలి.

ఇంకోటి తండ్రులకు ప్రత్యేకంగా చెప్పాలి. సాయంత్రం కొడుకును పంపి సేంది, సీసా, గుట్కా తెప్పించుకునే అలవాటు ఈ క్షణమే మానేయండి. దుకాణం దారి వాడికి చూపించింది మీరే అవుతారు.

మళ్లీ పడిపోతే? చాలామంది ఒకటి రెండుసార్లు పడతారు. వైద్యులు దాన్ని ఓటమిగా లెక్కపెట్టరు, జబ్బు తీరే అంత అంటారు. ఊరు కూడా అలాగే చూడాలి. మానేసి వచ్చిన కుర్రాణ్ని 'సేంది గాడు' అని పిలిచే నాలుకలు అమ్మేవాడికి చేసే సాయం తక్కువేమీ కాదు. వాడికి పని ఇచ్చే ఒక్క మెకానిక్కు, జట్టులో చేర్చుకునే ఒక్క కబడ్డీ కెప్టెను ఆ ఊళ్లో ఉంటే చాలా తేడా వస్తుంది.

ఈ వారమే చేయగల పనులు రెండున్నాయి. మీ పిల్లల నలుగురు స్నేహితుల అమ్మానాన్నల ఫోను నంబర్లు రాసి పెట్టుకోండి, వాళ్లతో ఒకసారి మాట్లాడండి. బడిలో జరిగే తదుపరి తల్లిదండ్రుల సమావేశంలో ఈ విషయం చర్చకు పెట్టమని హెడ్మాస్టరును అడగండి. అనుమానం ఇప్పటికే ఉంటే ఆగవద్దు. మత్తు వదిలించుకునే సలహాకు 14446, మానసిక వైద్య సలహాకు టెలీ మానస్ 14416, పిల్లలకు ఆపద అయితే 1098. అమ్మేవాళ్ల సమాచారం ఇవ్వడానికి దేశమంతా 1933, ఆంధ్రప్రదేశ్‌లో 1972, తెలంగాణలో 1908. టెలీ మానస్‌లో తెలుగులోనూ కన్నడంలోనూ మాట్లాడొచ్చు, డబ్బు తీసుకోరు.